మా మూడో అమ్మాయి ఏ ఇంటి పిల్ల?

నాకు నలుగురు పిల్లలు. ముగ్గురు ఆడపిల్లలు, ఆఖరున బాబు. మాది పల్నాడు జిల్లాలో ఒక పల్లె. మా ఆయన తాపీ మేస్త్రి. నేను సీజన్లో మిరపకాయల కోతకి, పత్తి తీయడానికి వెళ్తాను. 2025 జూన్ నుంచి కార్తీక మాసం దాకా తల్లికి వందనం డబ్బు కోసం, అంటే చదువుకునే పిల్లల తల్లులకి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చే డబ్బు కోసం, నేను తిరిగిన తిరుగుడంతా ఇక్కడ రాస్తున్నాను. ముగ్గురు నలుగురు పిల్లలున్న ఇళ్లలో ఇలాంటి చిక్కే వచ్చి ఉంటే, ఎక్కడ వెతుక్కోవాలో తెలుస్తుందని నా ఆశ.

ముందు, దీనికి మునుపున్న అమ్మ ఒడి పథకం గురించి చెప్పాలి. అది చెప్పకపోతే తర్వాతది అర్థం కాదు.

2020 జనవరిలో ఆ పథకం మొదలైనప్పుడు మా పెద్దమ్మాయి ఐదో తరగతి, రెండోది మూడో తరగతి. నా ఖాతాలో 15,000 పడ్డాయి. అప్పుడు లెక్క తల్లికి. పిల్లలు ఎందరున్నా తల్లికి ఒక్కటే. జాబితాలో కూడా ఒక పిల్ల పేరే వచ్చేది, మాకు పెద్దదాని పేరు వచ్చింది. మరుసటి ఏడాది బడిలో మరుగుదొడ్ల నిర్వహణకని 1,000 మినహాయించి 14,000 ఇచ్చారు. 2022లో బడి నిర్వహణకి ఇంకో 1,000 తీసి 13,000 చేశారు. ఈలోపు మా మూడోది కూడా బడిలో చేరింది. అంటే మొదటి ఏడాది ఇద్దరికి 15,000 అయితే, తర్వాత ముగ్గురికి 13,000. పంచుకుంటే తలకి 4,300 చిల్లర.

ఆ డబ్బుని నేను తక్కువ చేయను. 2021 జనవరిలో కరోనా దెబ్బకి పనులు సరిగా లేక అప్పు మీద బతుకుతున్నప్పుడు ఆ 14,000 మా ఇంటిని నిలబెట్టింది. కానీ ఆ రోజు రెండోది నా పక్కన కూర్చుని అడిగిన మాట ఇప్పటికీ గుర్తుంది. "అమ్మా, నేనూ రోజూ బడికి వెళ్తున్నాగా, అందులో నా పేరు ఎందుకు లేదు?" దానికి ఎనిమిదేళ్లు దాటి ఉంటాయి. "అక్కది పెట్టారు, నీదీ అదే" అని చెప్పాను. అది ఒప్పుకోలేదు. పెద్దదానికి బూట్లు కొంటే "అవి అక్క డబ్బులు కదా" అనేది.

2024 ఎన్నికలప్పుడు ఇంట్లో ఎంతమంది చదువుతుంటే అంతమందికీ 15,000 అని ప్రచారానికి వచ్చినవాళ్లు చెప్పారు. మా ఇంటి ముందు ఆగి నలుగురు పిల్లల్నీ చూసి, మీకు 60,000 అమ్మా అన్నారు. ఆ ఏడాది ఏమీ రాలేదు. 2023 జూన్ తర్వాత రెండేళ్లు పుస్తకాలు, బట్టలు అన్నీ చేబదుళ్లతోనే నడిచాయి. నా చెవి కమ్మలు కూడా అందుకే తాకట్టులోకి వెళ్లాయి.

2025 జూన్ 12న తల్లికి వందనం పథకం మొదలైంది. 67 లక్షల మందికి పైగా పిల్లలు, 42 లక్షల మందికి పైగా తల్లులు అని టీవీలో చెప్పారు. 15,000లో 2,000 బడుల నిర్వహణకి పోను ఒక్కో పిల్లకి 13,000 తల్లి ఖాతాలో వేస్తారు. ఒకటో తరగతిలో, ఇంటర్ మొదటి సంవత్సరంలో కొత్తగా చేరేవాళ్లకి మాత్రం జులైలో. మా పెద్దది పది పాసై ఇంటర్లో చేరుతోంది, బాబు ఒకటో తరగతి. కాబట్టి జూన్లో ఇద్దరికి, జులైలో ఇద్దరికి అనుకున్నాం. నలుగురికి 52,000. మా ఆయన ఆ అంకెని గోడ మీద సుద్దతో రాసి దాని కింద తీర్చాల్సిన అప్పులన్నీ వరసగా రాసుకున్నాడు.

ఆ రెండు మూడు రోజులూ మా వీధిలో ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. ఎదురింటి వదినకి ఇద్దరి పేరు మీదా 26,000 పడ్డాయి. నా ఫోన్ మోగలేదు.

మా ఊరి సచివాలయానికి వెళ్లాను. వాలంటీర్లు ఉన్నప్పుడు ఇంటికే వచ్చి చెప్పేవాళ్లు, ఇప్పుడు మనమే వెళ్లాలి. గోడకి రెండు జాబితాలు అంటించారు. అర్హుల దాంట్లో నేను లేను. అనర్హుల దాంట్లో నా పేరు, పక్కన మా రెండోదాని పేరు, దాని పక్కన కారణం: కరెంటు 300 యూనిట్లు దాటింది.

నాకు ఏమీ అర్థం కాలేదు. మేముండేది రెండు గదుల అద్దె ఇల్లు. రెండు ఫ్యాన్లు, ఒక టీవీ, పాత ఫ్రిజ్. ఎండాకాలంలో కూడా మా బిల్లు 110 యూనిట్లు దాటదు. బిల్లులన్నీ ఇంట్లో మేకుకి గుచ్చి ఉంటాయి. పరుగున వెళ్లి తెచ్చి, అక్కడ పథకాలు చూసే వెల్ఫేర్ అసిస్టెంట్‌కి చూపించాను. చిన్న వయసు అమ్మాయి, ఓపిగ్గా కంప్యూటర్లో చూసింది.

"ఈ మీటర్ కాదక్కా. మీ ఆయన ఆధార్ మీద వేరే మూడు మీటర్లు ఉన్నాయి. మూడూ కలిపితే 300 దాటుతోంది."

"మాకు సొంత ఇల్లే లేదమ్మా, మూడు మీటర్లు ఎక్కడివి?"

ఆ మూడు సర్వీస్ నంబర్లు కాగితం మీద రాసిమ్మని అడిగాను. ఇది అందరికీ చెప్తున్నాను: కారణం నోటితో విని ఇంటికి రావద్దు, నంబర్లు రాయించుకోండి. ఆ కాగితం లేకపోతే నేను ఎక్కడ మొదలుపెట్టాలో నాకు తెలిసేది కాదు. సాయంత్రం మా ఆయనకి చూపిస్తే చాలాసేపు ఆలోచించి గుర్తు తెచ్చుకున్నాడు. అవి మేము ఇంతకుముందు అద్దెకున్న ఇంటివి. కింది వాటా, నీళ్ల మోటారు, వీధి వైపున్న పిండి మర. అక్కడున్నప్పుడు మీటర్లకి ఆధార్ కలపాలని ఒకతను వచ్చాడు. ఓనరు గారు ఊళ్లో లేరు. ఇంట్లో ఎవరో ఒకరిది ఇవ్వండి అంటే మా ఆయన తనది ఇచ్చాడు. మేము ఆ ఇల్లు వదిలేసి మూడేళ్లయింది. ఆ పిండి మర తిరిగినంత కాలం ఆ కరెంటు మా లెక్కలో పడుతూనే ఉంది.

అక్కడే నాకు అసలు సంగతి తెలిసొచ్చింది. డబ్బు ఇచ్చేది పిల్లల్ని లెక్కపెట్టి. కానీ అర్హత చూసేది ఇంటిని లెక్కపెట్టి. రేషన్ కార్డు ఉండాలి, పల్లెలో నెల ఆదాయం 10,000 లోపు ఉండాలి, మాగాణి 3 ఎకరాలు, మెట్ట అయితే 10 ఎకరాలు మించకూడదు, కారు ఉండకూడదు, కరెంటు 300 యూనిట్ల లోపు ఉండాలి. వీటిలో ఒక్కటి తప్పితే ఇంట్లో పిల్లలందరూ అనర్హులే. ఒక బిడ్డ ఉన్న ఇంట్లో ఈ తప్పు జరిగితే 13,000 ఆగుతుంది. మా ఇంట్లో అదే తప్పుకి 52,000 ఆగుతుంది. పిల్లలు ఎక్కువున్నవాళ్లకి మేలు కోసం తెచ్చిన మార్పులో, తప్పు జరిగినప్పుడు ఎక్కువ దెబ్బ తగిలేది కూడా వాళ్లకే.

ఇంకోటి కూడా ఉంది. ఈ హద్దులు ఇంట్లో ఎంతమంది ఉన్నారో చూడవు. మా ఆడబిడ్డ వాళ్లది ఉమ్మడి కాపురం. ఇద్దరు అన్నదమ్ములు, వాళ్ల భార్యలు, అత్తమామలు, ఐదుగురు పిల్లలు, మొత్తం పదకొండు మంది ప్రభుత్వం రాసుకున్న ఇంటింటి లెక్కలో, అంటే ఒకే మ్యాపింగ్‌లో ఉన్నారు. వాళ్లకీ 300 యూనిట్లే, ముగ్గురుండే ఇంటికీ 300 యూనిట్లే. పదకొండు మంది పడుకోవడానికి ఎన్ని ఫ్యాన్లు తిరగాలి? వాళ్లకి తప్పేమీ లేకుండానే ఎండాకాలం బిల్లులు హద్దు దగ్గరికి వెళ్తున్నాయి. రాత్రి పూట అత్తగారు లేచి ఒక గదిలో ఫ్యాన్ ఆపేస్తోందని చెప్పి ఆడబిడ్డ ఏడ్చింది. పిల్లల కోసం పెట్టిన డబ్బు కోసం పిల్లల్ని ఉక్కలో పడుకోబెట్టాల్సి రావడం నాకు చాలా బాధనిపించింది. ఇంట్లో మనుషుల సంఖ్యని బట్టి యూనిట్ల హద్దు పెంచడం పెద్ద కష్టమైన పని కాదు, కార్డులో పేర్లు ఉండనే ఉన్నాయి.

సరే, సచివాలయంలో గ్రీవెన్స్, అంటే ఫిర్యాదు పెట్టాను. రసీదు ఇచ్చారు. మీటర్ల నుంచి ఆధార్ తీయడం మాత్రం కరెంటు ఆఫీసు పని అన్నారు. అక్కడికి వెళ్తే, ఆ మీటర్లు తనవని ఓనరు కాగితం రాసివ్వాలి, తన ఆధార్ ఇవ్వాలి, అప్పుడే మీది తీసేస్తాం అన్నారు.

ఓనరు గారు మంచివాడే. మేమున్నన్నాళ్లూ ఒక్క మాట అనలేదు. వాళ్ల అమ్మగారు మా పిల్లలకి మామ్మ. నేను పనికి పోతే బాబుని ఆవిడే చూసేది. కాగితం సంగతి చెప్పగానే ఓనరు గారి ముఖం మారింది. కాసేపాగి నిజం చెప్పాడు.

"అమ్మాయ్, నాకు రాసివ్వడానికి ఇబ్బంది లేదు. ఆ మూడూ నా మీదకొస్తే మా అమ్మ పింఛను ఎగిరిపోతుందేమోనని."

మామ్మకి నెలకి 4,000 పింఛను. పింఛనుకీ ఇదే 300 యూనిట్ల లెక్క ఉంది. ఆవిడ మందులు ఆ డబ్బుతోనే. నేను ఏం మాట్లాడను? మా నలుగురు పిల్లల డబ్బు ఆ ముసలావిడ మందుల డబ్బుతో కట్టి ఉందని ఆ గుమ్మంలో నిలబడ్డప్పుడే తెలిసింది. "ఆలోచించండి అన్నయ్యా" అని లేచి వచ్చేశాను. దారంతా ఏడుపు ఆపుకోలేకపోయాను.

రెండు వారాలు వెళ్లలేదు. ఈలోపు జులై 10న ఒకటో తరగతి, ఇంటర్ పిల్లలకి కూడా వేశారు. మాకు మళ్లీ అదే కారణం. బాబుకి ఇంకా తెలియదు, పెద్దదానికి తెలుసు. పట్నంలో ప్రభుత్వ జూనియర్ కాలేజీలో చేరింది. రోజూ బస్సు చార్జీలు కావాలి. మామూలుగా అడిగి తీసుకునేది, ఆ నెలలో అడగడం మానేసి స్నేహితురాలి సైకిల్ మీద సగం దూరం వెళ్లి అక్కడ బస్సెక్కింది. నాకు చెప్పలేదు, తర్వాత ఎవరో చెప్పారు.

ఆ తర్వాత ఒక రోజు మామ్మే కబురు పంపింది. వెళ్తే మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టి, కొడుకుని పిలిచింది. "రాసివ్వరా. ఆ పిల్లలు నా వీపు మీద ఆడినోళ్లు" అంది. ఓనరు గారు అప్పటికే ఒక దారి కనుక్కున్నారు. హైదరాబాదులో ఉద్యోగం చేసే వాళ్ల అబ్బాయికి కార్డు వేరే ఉంది. ఆ ఇల్లు ఎలాగూ అతని పేరుకి మార్చాలనుకుంటున్నారు కాబట్టి, మీటర్లు కూడా అతని పేరుకి మార్పించారు. కాగితాలు అందేసరికి ఆగస్టు వచ్చింది. కరెంటు ఆఫీసుకి నేను నాలుగుసార్లు తిరిగాను. ఒకసారి సార్ లీవు, ఒకసారి సర్వర్ లేదు, ఒకసారి జిరాక్స్ మసకగా ఉందని. నాలుగోసారి అయిపోయింది. తీసేసినట్టు స్క్రీన్ మీద కనిపిస్తే ఫోన్‌తో ఫొటో తీసుకున్నాను. అది తర్వాత అక్కరకొచ్చింది, ఎందుకంటే సచివాలయం కంప్యూటర్లో ఇంకో మూడు వారాలు పాత లెక్కే చూపించింది.

బ్యాంకు సంగతి క్లుప్తంగా చెప్తాను. నా ఆధార్ మా డ్వాక్రా గ్రూపు కోసం తెరిచిన పాత ఖాతాకి కలిసి ఉంది, అది వాడక ఆగిపోయింది. ఆధార్ మీద వచ్చే డబ్బు అందులో పడదట, దాన్నే ఎన్‌పీసీఐ ఇన్‌యాక్టివ్ అన్నారు. పోస్టాఫీసులో కొత్త ఖాతా తెరిచి దానికి కలిపించాను. ఒక్క పూటలో అయిపోయింది. ఈ మొత్తంలో సాఫీగా జరిగింది ఇదొక్కటే.

దసరాకి ముందు ఒక సాయంత్రం వరసగా మూడు మెసేజులు వచ్చాయి. 13,000. 13,000. 13,000. మా ఆయన సిమెంటు చేతులతోనే ఫోన్ పట్టుకుని చదివాడు. పెద్దది, రెండోది, బాబు. నాలుగో మెసేజ్ కోసం రాత్రి దాకా చూశాం. మూడోది మా పక్కనే కూర్చుని ఫోన్ వంక చూస్తోంది. పదిన్నరకి "నాది రేపు వస్తుందిలే అమ్మా" అని తనే లేచి పడుకుంది.

మర్నాడు సచివాలయంలో మూడోదాని పేరు కొట్టి చూశారు. అర్హుల్లో లేదు. అనర్హుల్లో కూడా లేదు. జూన్‌లో గోడ మీద జాబితా చూసినప్పుడే నేను గమనించాల్సింది. అందులో రెండోదాని పేరు ఉంది, మూడోదాని పేరు లేదు. అమ్మ ఒడి అలవాటు కొద్దీ ఇంటికి ఒక పేరే ఉంటుందనుకుని ఊరుకున్నాను.

డిజిటల్ అసిస్టెంట్ దాని ఆధార్ నంబరు వేసి చూసి అడిగాడు. "ఈ పాప మీ ఇంట్లో లేదండి. ఇక్కడ వేరే ఊరు, వేరే ఇల్లు చూపిస్తోంది. ఇంటి పెద్ద పేరు చూడండి." చూస్తే అది మా అమ్మ పేరు.

2020లో లాక్‌డౌన్ పెట్టిన నెలల్లో నాకు బాబు పుట్టాడు. ఆపరేషన్ అయింది. పనుల్లేవు. ముగ్గురు ఆడపిల్లల్ని, పసివాణ్ణి ఒకేసారి చూసుకోలేక మూడోదాన్ని మా అమ్మ దగ్గర ఉంచాం. ఏడాదిన్నర అక్కడే ఉంది, ఒకటో తరగతి కూడా అక్కడి బడిలోనే వేయించింది మా అమ్మ. ఆ ఊరి వాలంటీరు ఇంటింటి లెక్క రాసుకున్నప్పుడు ఇంట్లో ఎవరెవరున్నారంటే, మా అమ్మ "నేనూ, నా మనవరాలూ" అని చెప్పింది. ఆవిడ చెప్పింది నిజమే. రేషన్ కార్డులో మాత్రం పిల్ల మా దాంట్లోనే ఉంది, దాని 5 కిలోల బియ్యం ప్రతి నెలా మాకే వస్తోంది. ఇంటి మ్యాపింగ్‌లో మాత్రం ఐదేళ్లుగా అది మా పిల్ల కాదు.

ఇన్నాళ్లూ ఎందుకు తెలియలేదంటే, అమ్మ ఒడిలో ఒక్క పిల్ల లెక్క సరిగా ఉంటే చాలు. మిగతా పిల్లల లెక్కల్లో ఏ తప్పున్నా ఎవరూ చూడలేదు, చూడాల్సిన అవసరం పడలేదు. పిల్లపిల్లకీ లెక్క మొదలయ్యాక ఆ తప్పులన్నీ బయటపడ్డాయి. పిల్లలు ఎక్కువున్న ఇంట్లో ఒకరిని అమ్మమ్మ దగ్గరో, పెద్దమ్మ దగ్గరో ఉంచడం మన ఊళ్లలో కొత్త కాదు. అలా ఉంచిన పిల్ల పేరు ఎక్కడుందో ఒకసారి చూసుకోండి. మా వీధిలోనే ఇంకో ఇద్దరు పిల్లలది ఇదే కథ.

మా మూడోదాని విషయంలో ఇలా జరగడం ఇదే మొదలు కాదు, అదే నా గుండెల్లో ముల్లు. పెద్దదానికి, రెండోదానికి పోస్టాఫీసులో సుకన్య ఖాతాలు, ఆడపిల్లల పేరు మీద పొదుపు చేసేవి, తెరిచాం. ఏడాదికి 250 కట్టినా చాలు కదా అని. మూడోదానికి తెరవబోతే ఇంటికి ఇద్దరు ఆడపిల్లలకే అన్నారు. ఒకే కాన్పులో ఇద్దరు ముగ్గురు పుడితే తప్ప మూడో ఆడపిల్లకి ఆ ఖాతా లేదు. అది పుట్టినప్పుడు మా అత్తయ్య రెండు రోజులు ముఖం చూడలేదు. మగపిల్లాడి కోసం నాలుగో కాన్పు దాకా వెళ్లింది నా ఇష్టంతో కాదు. మా ఆయనకి వార్డు మెంబరుగా నిలబడాలని ఆశ ఉండేది. 2021 పంచాయతీ ఎన్నికల్లో పిల్లలు ఇద్దరికి మించి ఉన్నారని కుదరదన్నారు. ఆ నిబంధనని 2024 నవంబరులో అసెంబ్లీ తీసేసింది. ఇప్పుడు ఎక్కువమంది పిల్లల్ని కనమని పెద్దపెద్దవాళ్లు సభల్లో చెప్తున్నారు. కనమని చెప్పేముందు, ఇప్పటికే పుట్టిన మూడో పిల్లని, నాలుగో పిల్లని అన్ని కాగితాల్లోకీ రానివ్వండి. ఆ పిల్లలు ఏ తప్పూ చేయలేదు.

ఈ తిరుగుడులో నేను ప్రతి పథకాన్నీ మా ఇంటి కొలతతో చూడటం మొదలుపెట్టాను. బియ్యం తలకి 5 కిలోలు, మాకు 30 కిలోలు వస్తాయి. ఎవరూ ఏ కాగితమూ అడగరు. అదే మా పెదనాన్న వాళ్లది అంత్యోదయ కార్డు. ఎంతమందున్నా ఇంటికి 35 కిలోలు. ఇద్దరు ముగ్గురున్న ఇంటికి అది ఎంతో మేలు, కానీ వాళ్లు ఎనిమిది మంది. మామూలు కార్డైతే 40 కిలోలు వచ్చేవి. అందరికంటే పేదవాళ్లకని ఇచ్చిన కార్డు, ఇంట్లో మనుషులు ఏడుగురు దాటితే తక్కువ ఇస్తోంది. ఉచిత గ్యాస్ ఏడాదికి మూడు సిలిండర్లు. మాకు సిలిండరు నెల రోజులు కూడా రాదు, ఎదురింట్లో రెండు నెలలు దాటుతుంది. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లో ఆడవాళ్లకి టికెట్ డబ్బు లేదు. ఆధార్ చూపిస్తే చాలు, ఇంటి లెక్క లేదు, యూనిట్ల లెక్క లేదు. పెద్దది ఆ రోజు నుంచి సైకిల్ అడగడం మానేసింది. జూనియర్ కాలేజీలో మధ్యాహ్న భోజనం కూడా అంతే, వెళ్లిన ప్రతి పిల్లకీ పెడతారు. మనిషిని చూసి ఇచ్చేది చేతికి తేలిగ్గా అందుతోంది. ఇంటిని చూసి ఇచ్చే దగ్గరే మాలాంటివాళ్లం ఆగిపోతున్నాం.

మళ్లీ మ్యాపింగ్ దగ్గరికి వస్తాను. పిల్లని ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి మార్చడానికి ఆప్షన్ ఓపెన్ అవ్వాలి అన్నారు. ఎప్పుడు ఓపెన్ అవుతుందో వాళ్లకీ తెలియదు. వారానికి రెండుసార్లు పనికి వెళ్లేముందు పొద్దున్నే సచివాలయం గుమ్మంలో అడిగి వెళ్లేదాన్ని. ఒక్కోరోజు కోత కూలి పోయేది. అక్టోబరు చివర్లో ఓపెన్ అయిందని ఆ డిజిటల్ అసిస్టెంట్ అబ్బాయే ఫోన్ చేశాడు. అతనికి నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను. అతని పనిలో నా పని ఒకటి, అయినా గుర్తు పెట్టుకున్నాడు.

పిల్లని వదిలే ఇంటి పెద్ద వేలిముద్ర వేయాలి. మా అమ్మకి డెబ్బై దాటాయి. యాభై ఏళ్లు కలుపు తీసిన చేతులు. మిషన్ మీద వేలు పెడితే తీసుకోవడం లేదు. పది వేళ్లూ పెట్టించారు. తడిగుడ్డతో తుడిచి పెట్టించారు. ఆ రోజు కుదరలేదు. రెండు రోజులాగి రమ్మన్నారు. ఆ రెండు రోజులూ మా అమ్మ చేతులకి కొబ్బరినూనె రాసుకుని ఏ పనీ ముట్టకుండా కూర్చుంది. రెండోసారి ఎడమ చేతి ఉంగరం వేలు పట్టింది.

మిషన్ మీద పచ్చ లైటు వెలిగాక మా అమ్మ అతన్ని అడిగింది. "ఇప్పుడు మా ఇంట్లో ఎవరున్నట్టు బాబూ?"

"మీరొక్కరే మామ్మగారూ."

"అంతేలే, ఉన్నది ఒక్కదాన్నేగా" అంది. బయటికొచ్చాక మెట్ల మీద కాసేపు కూర్చుంటానంది. నేనూ పక్కన కూర్చున్నాను. ఐదేళ్లు కాగితం మీదైనా ఆవిడకి ఒక తోడు ఉందని, దాన్ని నేనే తీసేశానని అనిపించింది. ఆ రాత్రి అమ్మని మా ఇంటికి తీసుకొచ్చేశాను. వారం రోజులు ఉండి వెళ్లింది.

మా వైపున నా వేలిముద్ర, పిల్ల వేలిముద్ర. కార్తీక సోమవారం నాడు బడికి వెళ్లేముందు మూడోదాన్ని సచివాలయానికి తీసుకెళ్లాను. యూనిఫాంలో, రెండు జడలతో వచ్చింది. దాని డబ్బు కోసం గ్రీవెన్స్ మళ్లీ కొత్తగా పెట్టాం, ఆ రసీదు నా దగ్గరుంది. ఇది రాసే రోజుకి ఆ 13,000 ఇంకా పడలేదు. పడేదాకా వెళ్తాను.

వేలు పెట్టగానే ఒక్కసారికే పట్టింది. అతను కంప్యూటర్ మా వైపు తిప్పి "చూసుకో పాపా" అన్నాడు. మా ఇల్లు. ఆరు పేర్లు. నాన్న, నేను, అక్కలిద్దరు, తమ్ముడు, అన్నిటికంటే కింద దాని పేరు. అది వేలితో స్క్రీన్ మీద ఒక్కొక్కటీ తాకుతూ చదివింది.

"తమ్ముడి తర్వాత ఉందేంటమ్మా? నేను వాడికంటే పెద్ద కదా?"

"ఇప్పుడే కలిపాం కదమ్మా, అందుకని కిందకొచ్చింది" అని అతను చెప్పాడు.

అది ఇంకోసారి తన పేరు చదువుకుంది. స్పెల్లింగ్ సరిగ్గా ఉందో లేదో అక్షరం అక్షరం చూసింది. సరిగ్గానే ఉంది. బడి గంట కొట్టే వేళ అయింది. సంచి భుజాన వేసుకుని నాకంటే ముందే మెట్లు దిగింది.